412 రోజుల సున్నాను నమ్మొచ్చా? ఫ్యాక్టరీలో గాయాలనూ నియర్ మిస్‌లనూ లెక్కగట్టడం ఎలా

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ యూనిట్, అంటే మందుల ముడి పదార్థాలు తయారుచేసే ఫ్యాక్టరీ. కంపెనీ మనుషులు 160, కాంట్రాక్టు వాళ్లు 90. గేటు దగ్గర బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు 412’ అని ఉంది. నెలకు మూడో నాలుగో నియర్ మిస్ కార్డులు, అంటే తృటిలో తప్పిన ప్రమాదాల గురించి మనుషులు రాసిచ్చేవి, వస్తున్నాయి. హెడ్డాఫీసేమో మనిషికి నెలకు రెండు కార్డులు రావాలంటోంది. గాయాల రేటు 10 లక్షల పనిగంటలకు కట్టాలా, 2 లక్షల గంటలకా? అసలు ఈ సున్నాను నమ్మొచ్చా?

చివరి సందేహంతోనే మొదలుపెడతాను. ఆ సున్నా అబద్ధమే కానక్కర్లేదు. కానీ అది చెప్పే సంగతి చాలా తక్కువ. 250 మంది, మనిషికి ఏడాదికి సుమారు 2,400 గంటలు, వెరసి 6 లక్షల పనిగంటలు. ఇంత చిన్న చోట సగటున ఏడాదికి ఒక లాస్ట్ టైమ్ ఇంజురీ (ఎల్‌టీఐ), అంటే ఆ రోజు దాటాక కూడా పనిచేయలేనంత గాయం, జరిగేంత ప్రమాదం ఉందనుకోండి. అయినా 412 రోజులు ఒక్కటీ జరక్కుండా గడిచే అవకాశం 32 శాతం. ఏడాదికి రెండు జరిగేంత ప్రమాదం ఉన్నా ఆ అవకాశం 10 శాతం. భద్రతలో వీసమెత్తు మార్పు రాకపోయినా ఇలాంటి మూడు ప్లాంట్లలో ఒకదాని గేటు మీద ఇదే బోర్డు వేలాడుతుందన్నమాట.

సున్నా వచ్చినప్పుడు చేతిలో పెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది: 3ను పనిగంటలతో భాగించండి. మీ 6 లక్షల గంటలకు అది 10 లక్షల గంటలకు 5 అవుతుంది. ఏడాదంతా సున్నా వచ్చినా, 95 శాతం ధీమాతో చెప్పగలిగేది ‘అసలు రేటు 5 దాటి ఉండదు’ అన్నంతే. అదే రెండు ఎల్‌టీఐలు జరిగితే లెక్కకు వచ్చే రేటు 3.3. అసలు రేటు మాత్రం 0.4 నుంచి 12 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి నిరుడు 2, ఈ ఏడు 3 అయ్యాయని ‘50 శాతం పెరిగింది’ అంటూ ప్రొడక్షన్ మేనేజర్‌ను నిలదీయడం అన్యాయం. 3 నుంచి 2కు తగ్గిందని బహుమతి ఇవ్వడమూ అంతే. మీ స్థాయి ప్లాంటులో ఎల్‌టీఐ రేటును మూడేళ్లకు కలిపి చూడండి. అప్పుడు కొంత అర్థం ఉంటుంది.

ఇక ఫార్ములాల సంగతి. మన దేశంలో వాడుకలో ఉన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 3786, 1983 నాటిది.

ఫ్రీక్వెన్సీ రేటు = ఎల్‌టీఐల సంఖ్య × 10,00,000 ÷ మొత్తం పనిగంటలు

సివియారిటీ రేటు = పోయిన పనిదినాలు × 10,00,000 ÷ మొత్తం పనిగంటలు

ఇన్సిడెన్స్ రేటు = ఎల్‌టీఐల సంఖ్య × 1,000 ÷ పనిచేసిన సగటు మనుషుల సంఖ్య

మొదటి రెండింటినీ రెండు రకాలుగా కట్టమంటుంది ఆ ప్రమాణం: ఒకటి అన్ని ఎల్‌టీఐలకు, రెండోది చట్టప్రకారం ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సిన రిపోర్టబుల్ గాయాలకు మాత్రమే. రెంటినీ కలిపి ఒకే పేరుతో చూపించే నివేదికలు చాలా ఉన్నాయి. ఏది ఏదో శీర్షికలోనే రాయండి.

2 లక్షల గంటలు అమెరికా లెక్క. అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా 100 మంది, వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు అని పెట్టుకుంది. గుణిస్తే 2,00,000. దానర్థం ‘ఏడాదిలో నూటికి ఎంతమంది గాయపడ్డారు’ అని. మనది 10 లక్షలు కాబట్టి 5తో గుణిస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. భాగహారంలో పైన పెట్టే గాయాల సంఖ్య ఒకటే అయితేనే సరిపోతుంది. అమెరికా పద్ధతిలో వచ్చే టీఆర్‌ఐఆర్‌లో (నమోదు చేయాల్సిన మొత్తం గాయాల రేటు) రోజు పోయిన గాయాలే కాదు, డాక్టరు వైద్యం చేసినవీ, పని మార్చి ఇచ్చినవీ అన్నీ ఉంటాయి. దాన్ని 5తో గుణించి మన ఫ్రీక్వెన్సీ రేటు పక్కన పెడితే మామిడిపళ్లనూ మామిడితోటనూ పోల్చినట్టే. పెద్ద లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం ఏటా ఇచ్చే వ్యాపార బాధ్యత నివేదిక బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఎల్‌టీఐ రేటును 10 లక్షల గంటలకే అడుగుతారు, ఉద్యోగులకూ కార్మికులకూ విడివిడిగా. మీరు 10 లక్షలు పెట్టుకోండి. విదేశీ కస్టమర్ల ఆడిట్‌కు టీఆర్‌ఐఆర్ వేరే వరసలో కట్టి పెట్టుకోండి.

నెలవారీ రేట్లను కూడి 12తో భాగించడం దాదాపు ప్రతి ఎక్సెల్ షీటులో కనిపించే తప్పు. మరమ్మతులకు అదనపు మనుషులను దింపిన షట్‌డౌన్ నెలలో 1,40,000 గంటలు పనిచేసి ఒక గాయం అయితే రేటు 7.1. మామూలు నెలలో 40,000 గంటలకు ఒక గాయం అయితే 25. రెండింటి సగటు 16. కానీ నిజంగా జరిగింది 1,80,000 గంటల్లో రెండు గాయాలు, అంటే 11.1. ఎప్పుడైనా సరే గాయాలను గాయాలతో, గంటలను గంటలతో కూడి ఆ తర్వాతే భాగించాలి. గడిచిన 12 నెలల మొత్తాన్ని నెలనెలా జరుపుకుంటూ పోతే గీత నిలకడగా ఉంటుంది.

పోయిన దినాల లెక్కలో మరికొన్ని మెలికలున్నాయి. ఎల్‌టీఐ అంటే గాయపడిన షిఫ్ట్ లేదా రోజు దాటిన తర్వాత కూడా పనిచేయలేని స్థితి. గాయమైన రోజు లెక్కలోకి రాదు. మార్చిలో గాయపడి ఏప్రిల్‌లో తిరిగొచ్చిన మనిషి ఫ్రీక్వెన్సీలో మార్చిలో ఒక్కసారే వస్తాడు. దినాలు మాత్రం ఏ నెలవి ఆ నెలలో పడతాయి. మధ్యలో పనికి వచ్చి నొప్పితో మళ్లీ ఆగిపోతే కొత్త గాయం కాదు, పాతదానికే దినాలు చేరతాయి. మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ 6,000 దినాలు. వేలో చెయ్యో పోయిన శాశ్వత పాక్షిక వైకల్యానికి ప్రమాణం చివర పట్టిక ఉంది, దాని ప్రకారమే వెయ్యాలి, ఆ మనిషి వాస్తవంగా ఎన్నాళ్లు ఇంట్లో ఉన్నాడన్నది కాదు. ముందు మామూలు గాయమనుకుని 40 దినాలు వేసి, తర్వాత శాశ్వత వైకల్యమని తేలితే పట్టికలోని అంకెలోంచి ఆ 40 తీసేసి మిగిలింది చేర్చాలి. ఇది మరిచిపోతే రెండుసార్లు పడుతుంది.

సివియారిటీ రేటు మీద నాకు పెద్దగా గురి లేదు. మీ ప్లాంటులో ఏడాదికి 46 దినాలు పోతే అది 77. ఒక్క మరణం జరిగితే 10,000. మనిషి ఒక అడుగు అటు నిలబడ్డాడా ఇటు నిలబడ్డాడా అన్నదాన్ని బట్టి అంకె నూటపాతిక రెట్లకు పైగా మారిపోతే అది భద్రతను కొలవడం లేదు, ఆ రోజు అదృష్టాన్ని కొలుస్తోంది. పంపాలి గనుక కట్టండి, నిర్ణయాలకు దాని మీద ఆధారపడకండి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వద్దాం. ఏ గాయాన్ని ఏ గడిలో వెయ్యాలి? అంకెలన్నీ ఇక్కడే వంగుతాయి.

ఫస్ట్ ఎయిడ్‌కూ వైద్యానికీ మధ్య గీత ఎక్కడుందో రాతపూర్వకంగా పెట్టుకోండి. ఓషా జాబితా వివరంగా ఉంటుంది, అదే తీసుకుంటే గొడవ తగ్గుతుంది. టీటీ ఇంజెక్షన్, గాయం కడిగి పట్టీ వెయ్యడం, అతికించే పట్టీతో అంచులు దగ్గరికి తేవడం, కంట్లో పడ్డదాన్ని నీళ్లతోనో దూది పుల్లతోనో తీయడం, గోరు కింద నెత్తురు గడ్డకడితే చిన్న రంధ్రం చేయడం, వేడికి నీరసిస్తే నీళ్లు తాగించడం ఇవన్నీ ఫస్ట్ ఎయిడే. కుట్లు పడ్డా, చీటీ రాస్తేనే దొరికే మందు వాడినా అది వైద్యం చేసిన గాయం. ఎక్స్‌రే తీయించడం పరీక్ష మాత్రమే, తీయించినంత మాత్రాన గడి మారదు. ఎముక విరిగిందని అందులో తేలితే మారుతుంది. చూడాల్సింది చికిత్స ఏమిటన్నది, ఎవరు చేశారన్నది కాదు. డాక్టరు చేసినా పట్టీ పట్టీయే, నర్సు వేసినా కుట్టు కుట్టే.

మన ఫ్యాక్టరీల్లో ఎక్కువగా దాగేది పని మార్చి ఇచ్చిన గాయం. సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర చెయ్యి నలిగిన హెల్పర్‌ను మర్నాడు ఆటోలో తీసుకొచ్చి టైమ్ ఆఫీసులో కూర్చోబెడతారు. మస్టర్‌లో హాజరు పడుతుంది, ఎల్‌టీఐ తప్పుతుంది. నిజంగా చేయగలిగిన పని ఇచ్చి, డాక్టరు ఒప్పుకుని ఉంటే అది రిస్ట్రిక్టెడ్ వర్క్ కేసు, దానికీ ఒక వరస ఉండాలి. చేయడానికి పనేమీ లేకుండా కుర్చీ ఇస్తే అది ఎల్‌టీఐయే. ఈ రెండో మాట మీ విధానపత్రంలో అక్షరాలా ఉండాలి. లేకపోతే ప్రతిసారీ వాదనే.

వారాంతపు సెలవు ఇంకో సందు. శనివారం సాయంత్రం కాలు బెణికింది, ఆదివారం సెలవు, సోమవారం కుంటుకుంటూ వచ్చాడు. ఆదివారం పని ఉండి ఉంటే రాగలిగేవాడా అని డాక్టరును అడగండి. రాలేడంటే ఎల్‌టీఐ. అలాగే గాయపడిన మనిషి పేరున ఎర్న్డ్ లీవో క్యాజువల్ లీవో పెట్టినంత మాత్రాన దినాలు పోనట్టు కాదు. కాంట్రాక్టు మనిషి దెబ్బ తగిలాక ఒడిశాకో బీహార్‌కో వెళ్లిపోతే కేసు అక్కడితో మూసెయ్యకూడదు. డాక్టరు అంచనా వేసిన దినాలు రాసి, ఫోన్‌లో కనుక్కుంటూ సరిచెయ్యాలి.

చట్టం గడువులు వేరు. గాయం తర్వాత వెనువెంటనే 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనిచేయలేకపోతే ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఇది 88వ సెక్షన్, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో (ఓఎస్‌హెచ్ కోడ్) 10వ సెక్షన్. ఈఎస్‌ఐలో తాత్కాలిక వైకల్య భత్యం రావాలంటే, ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం 3 రోజులు పనిచేయలేకుండా ఉండాలి. అంటే ఎల్‌టీఐ, రిపోర్టబుల్, ఈఎస్‌ఐ కేసు అనేవి మూడు వేర్వేరు గీతలు. ఒకే గాయం ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేకపోవచ్చు. మూడింటికీ మూడు వరసలు పెట్టండి, అవునా కాదా అని.

ఈ మూడు గీతలూ మీకు తనిఖీకి కూడా పనికొస్తాయి. ఈఎస్‌ఐ ఫారం 12లో పంపిన ప్రతి ప్రమాదమూ మీ రిజిస్టర్‌లో ఉండాలి. ఉందా? అంబులెన్స్ రూములోని ఫస్ట్ ఎయిడ్ పుస్తకం, బండి లాగ్‌బుక్, దగ్గరి ఆసుపత్రి బిల్లులు, మస్టర్‌లో వరసగా రెండు రోజులకు మించి గైర్హాజరైన కాంట్రాక్టు మనుషుల పేర్లు, వీటిని మూడు నెలలకోసారి పక్కపక్కన పెట్టుకుని చూడండి. డ్రెస్సింగ్ సామాను స్టోర్సు నుంచి ఎంత తెచ్చారన్నది కూడా చూడండి. 250 మంది డ్రమ్ములెత్తి, సెంట్రిఫ్యూజ్‌లు దింపి, పైపుల అతుకుల దగ్గర ఫ్లాంజీలు విప్పే చోట ఏడాదికి అయిదారు ఫస్ట్ ఎయిడ్‌లే పుస్తకంలో ఉంటే గాయాలు తక్కువై కాదు, పుస్తకం దాకా రావడం లేదు.

భాగహారంలో కింద పెట్టే గంటల్లోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఐఎస్ 3786 ప్రకారం ఓవర్‌టైమ్‌తో సహా జీతాల పట్టీ లేదా పంచింగ్ నుంచి వచ్చిన నిజమైన గంటలు వాడాలి. అది కుదరకపోతేనే మనిషిదినాలను రోజు గంటలతో గుణించాలి. సెలవులో ఉన్నవాళ్ల గంటలు కలపకూడదు. కాంట్రాక్టు మనుషులు 12 గంటల షిఫ్ట్ చేస్తుంటే 8 వేస్తే రేటు తప్పుతుంది, మనుషులు అలసిపోతున్న సంగతి కూడా కనపడకుండా పోతుంది. అన్నిటికన్నా హీనమైన తప్పు: కాంట్రాక్టు వాళ్ల గంటలు కింద కలిపి, వాళ్ల గాయాలు పైన వదిలెయ్యడం. ‘అది కాంట్రాక్టర్ ఖాతా’ అనే మాట లెక్కల్లో చెల్లదు. ట్యాంకర్ డ్రైవర్లు, క్యాంటీన్, తోటపని వాళ్లు కూడా గేటు దాటి లోపలికి వచ్చాక మీ లెక్కలోని మనుషులే.

ఈ గంటల లెక్క కేవలం రేటు కోసం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయినప్పుడు, లోపల ఉన్నవాళ్లలో ఎవరి జాడ తెలిసింది, ఎవరిది తెలియలేదు అని తేలడానికే రోజులు పట్టింది. గంటలు కట్టే పంచింగ్ రికార్డూ, ఆపదలో తలలు లెక్కపెట్టే జాబితా ఒకటే కావాలి. మీ గేటు రికార్డును ఒకరోజు అనుకోకుండా తీసి, షెడ్లలో తిరిగి తలలు లెక్కపెట్టి చూడండి. తేడా వస్తే మీ రేటూ తప్పే, మీ ఎమర్జెన్సీ ప్లానూ తప్పే.

నియర్ మిస్‌ల విషయానికి వస్తే, మొదట ఏది నియర్ మిస్ అన్నది తేల్చాలి. కార్డుల్లో ఎక్కువ భాగం ‘నేల మీద నూనె ఉంది’, ‘హెల్మెట్ పెట్టుకోలేదు’, ‘లైటు వెలగడం లేదు’ అని ఉంటాయి. అవి పరిస్థితులు, ప్రవర్తనలు. వాటికి అబ్జర్వేషన్ రిజిస్టర్ వేరే ఉండాలి. నియర్ మిస్ అంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఏమైనా పడిందా, కదిలిందా, కారిందా, పేలిందా, తెగిందా, వేడెక్కిందా, షాక్ కొట్టిందా? అవునంటే నియర్ మిస్. మెట్ల మీద నూనె ఉంటే అబ్జర్వేషన్. ఆ నూనె మీద కాలు జారి రెయిలింగ్ పట్టుకుని ఆగితే నియర్ మిస్. చైన్ బ్లాక్ హుక్కుకు లాచ్ లేకపోతే అబ్జర్వేషన్. స్లింగ్ జారి మోటారు అరడుగు కిందికి వచ్చి ఆగితే నియర్ మిస్. ఎవరికీ తగల్లేదు కానీ పైపు పగిలి 50 వేల నష్టం వచ్చింది, అదీ ఇదే కోవ.

వీటిలో కొన్ని మీ ఇష్టానికి వదిలినవి కావని గుర్తుంచుకోండి. ఆవిరి పీడనంలో ఉన్న పాత్ర పగలడం, క్రేన్ కూలడం లేదా తిరగబడడం, పేలుడు వంటివి ఎవరికీ గీత పడకపోయినా ‘ప్రమాదకర సంఘటన’ కింద నోటీసు ఇవ్వాల్సినవే. పాత చట్టంలో 88-ఎ, కోడ్‌లో 11వ సెక్షన్. ‘ఎవరికీ ఏం కాలేదు కదా, నియర్ మిస్ కార్డు రాసేశాం’ అంటే చట్టం ఒప్పుకోదు.

మనిషికి రెండు కార్డుల లక్ష్యం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. దాన్ని ఆపించండి. 250 మందికి నెలకు 500 కార్డులు. నెలాఖరు వారంలో సూపర్‌వైజర్లు కూర్చుని చెత్తబుట్ట నిండింది, పైపు రంగు పోయింది అని రాయిస్తారు. ఆ 500 మధ్యలో ‘రియాక్టర్‌లో పౌడర్ వేస్తుంటే చిటుక్కున నిప్పురవ్వ కనపడింది’ అన్న ఒక్క కార్డు కలిసిపోతుంది. ఎర్తింగ్ క్లిప్పు పెట్టని చోట సాల్వెంట్ ఆవిరి మీద పౌడర్ ఛార్జింగ్ చేస్తే వచ్చే రవ్వ అది. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడమే ఈ లక్ష్యం వల్ల కలిగే నష్టం.

ఈ లక్ష్యాలు పుట్టింది, పైన కొద్ది తీవ్ర గాయాలూ కింద బోలెడు చిన్న సంఘటనలూ చూపే త్రికోణం బొమ్మలోంచి. అమెరికా బీమా కంపెనీ ఉద్యోగి హైన్రిక్ 1931లో 1:29:300 అన్నాడు, అంటే ఒక తీవ్ర గాయానికి 29 చిన్న గాయాలు, గాయం లేని సంఘటనలు 300. ఫ్రాంక్ బర్డ్ 1969లో 297 కంపెనీల నుంచి వచ్చిన 17 లక్షలకు పైగా నివేదికలు చూసి 1:10:30:600 (తీవ్ర గాయం, చిన్న గాయాలు, ఆస్తి నష్టాలు, నియర్ మిస్‌లు) అన్నాడు. ఆ కంపెనీలన్నిటినీ కలిపి చూస్తే కనపడిన నిష్పత్తి అది. కింద 600 నియర్ మిస్‌లు ఏరితే పైన ఒక తీవ్ర గాయం తప్పుతుందని దానర్థం కాదు. వేలు తెగే సంఘటనలకూ ప్రాణం తీసే సంఘటనలకూ కారణాలు చాలావరకు వేరు. కట్టర్‌తో చేతులు కోసుకోవడం తగ్గిస్తే చేతులకు మంచిది. దాని వల్ల నైట్రోజన్ నిండి ఊపిరాడని పాత్రలోకి మనిషి దిగిపోవడం ఆగదు.

అందుకే ప్రతి నియర్ మిస్‌నూ, ప్రతి చిన్న గాయాన్నీ ‘ఏమైంది’ అన్నదాన్ని బట్టి కాక ‘ఏం కాగలిగేది’ అన్నదాన్ని బట్టి విడదీయండి. దీన్ని ఊహలకు వదలకుండా శక్తిని కొలవండి. అమెరికా విద్యుత్ సంస్థల సంఘం ఈఈఐ వాడే పద్ధతిలో 500 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 680 జౌళ్లు దాటితే అధిక శక్తి. కిలోల్లో ద్రవ్యరాశినీ మీటర్లలో ఎత్తునూ 9.81తో గుణిస్తే జౌళ్లు వస్తాయి. 70 కిలోల మనిషి 1 మీటరు నుంచి పడితే 687 జౌళ్లు. అంటే 1.2 మీటర్ల ప్లాట్‌ఫాం మీంచి జారడం కూడా ఈ కోవలోకే వస్తుంది. 7 కిలోల పైపు ముక్క 10 మీటర్ల నుంచి పడితే అదే 687. కానీ పైనుంచి పడే చిన్న వస్తువుల దగ్గర ఈ గీతను గుడ్డిగా వాడకండి. 1 కిలో స్పానర్ 10 మీటర్ల నుంచి పడితే 98 జౌళ్లే, నెత్తి మీద పడితే ప్రాణం పోవడానికి అది చాలు. కింద మనుషులు తిరిగే చోట ఎత్తు నుంచి పడిన ప్రతి లోహపు వస్తువునూ అధిక శక్తి గడిలోనే వెయ్యండి. విద్యుత్తు, పీడనం, విషవాయువు, ఆక్సిజన్ తగ్గిన చోటు, మండే ఆవిరి, తిరిగే యంత్రం, ఫోర్క్‌లిఫ్ట్, వీటికి జౌళ్లు కట్టక్కర్లేదు. మనిషి వాటి దారిలో ఉన్నాడా, మధ్యలో పనిచేసిన అడ్డు ఏమైనా ఉందా అని రెండే ప్రశ్నలు. అడ్డు లేదు, అయినా తగల్లేదు అంటే అది అదృష్టం. దాన్ని మరణంతో సమానంగా దర్యాప్తు చెయ్యాలి.

అడ్డు ఉండి ఆపిందా, అదృష్టం ఆపిందా అన్న వరస రిజిస్టర్‌లో తప్పకుండా పెట్టండి. ప్రమాదకర స్థితిలో యంత్రాన్ని దానంతటదే అడ్డుకునే ఇంటర్‌లాక్ పనిచేసి సెంట్రిఫ్యూజ్ మూత తెరుచుకోకపోవడం ఒక వార్త. మూత తెరుచుకుంది కానీ ఆ క్షణంలో చెయ్యి లోపల లేదు అన్నది పూర్తిగా వేరే వార్త.

బల్క్ డ్రగ్ యూనిట్‌కు మనుషుల గాయాల లెక్క ఒక్కటే ఎందుకు చాలదో మన విశాఖకే తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. పోయినవాళ్లు ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల ఇళ్లలో నిద్రపోతున్న జనం. కార్మికుల ఫ్రీక్వెన్సీ రేటు ఫార్ములాలో ఆ మరణాలకు చోటే లేదు. ముందస్తు సూచన మాత్రం ట్యాంకులో ఉంది. వేడి కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉండడంతో పై పొరలు వేడెక్కుతున్న సంగతి తెలియలేదు. అమెరికాలో బీపీ కంపెనీ టెక్సస్ సిటీ రిఫైనరీలో 2005 మార్చి 23న 15 మంది పోయాక, ఆ కంపెనీ భద్రతను పరిశీలించిన బేకర్ కమిటీ చెప్పిందీ ఇదే: వ్యక్తిగత గాయాల రేటు తగ్గుతోందని చూసి ప్రాసెస్ భద్రత కూడా బాగుందని పొరబడ్డారని.

కాబట్టి రెండో లెక్క వేరే పుస్తకంలో నడవాలి. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ రూపొందించిన 754 పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టు పెద్ద లీకులు, గంటలోపు ఒక నిర్ణీత పరిమాణం దాటి బయటికి వచ్చినవి. రెండోది అంతకన్నా చిన్నవి. మూడోది రక్షణ వ్యవస్థకు పరీక్ష పెట్టిన సంఘటనలు. నాలుగోది క్రమశిక్షణ, అంటే గడువు దాటిన టెస్టులు, మూయని హాజాప్ (ప్లాంటులో ముప్పులు వెతికే సమీక్ష) సిఫార్సులు లాంటివి. మీ స్థాయిలో మొదటి రెండూ ఏళ్ల తరబడి సున్నాయే ఉంటాయి. ఎల్‌టీఐకి వచ్చిన చిక్కే వాటికీ. మీరు ప్రాణం పెట్టి కొలవాల్సింది మూడోది. రియాక్టర్ ఉష్ణోగ్రత సురక్షిత హద్దు దాటిన సందర్భాలు, సేఫ్టీ వాల్వ్ ఎగిరినవి, పీడనం పెరిగితే పగిలే రప్చర్ డిస్క్ చిట్లినవి, ఇంటర్‌లాక్ ట్రిప్ అయినవి, ఛార్జింగ్ మధ్యలో నైట్రోజన్ పీడనం పడిపోయినవి, చల్లబరిచే ఉప్పునీరు (బ్రైన్) ఆగి కూలింగ్ పోయినవి, వాయువులను కడిగే స్క్రబ్బర్ పంపు ఆగినవి. ఇవన్నీ ప్లాంటును నడిపే కంప్యూటర్ (డీసీఎస్) అలారం చరిత్రలో, బ్యాచ్ షీట్లలో ఇప్పటికే ఉన్నాయి. ఎవరూ కార్డు రాయనక్కర్లేదు. నెలకోసారి తీసి లెక్కపెడితే చాలు. బైపాస్ చేసిన ఇంటర్‌లాకులు ఎన్ని, ఒక్కొక్కటీ ఎన్ని గంటలు అన్నది కూడా పక్కనే రాయండి. ట్రిప్పులు తగ్గాయని సంతోషించే ముందు అది చూడాలి.

వీటికి పనిగంటలతో భాగించడం సరికాదు. ప్రమాదానికి ఎదురుపడే అవకాశం ఎక్కడ పుడుతుందో దానితో భాగించండి. ఉష్ణోగ్రత హద్దు దాటడం 100 బ్యాచ్‌లకు ఎన్ని. స్టాటిక్, ఛార్జింగ్ సంఘటనలు 1,000 ఛార్జింగ్‌లకు ఎన్ని. వెల్డింగ్ లాంటి హాట్ వర్క్ సంఘటనలు 100 పర్మిట్లకు ఎన్ని. ఉత్పత్తి రెట్టింపైన నెలలో అంకె పెరగడం సహజమో కాదో అప్పుడే తెలుస్తుంది.

నియర్ మిస్‌ల మొత్తం సంఖ్యకు లక్ష్యం పెట్టొద్దన్నాను. దాని బదులు ఈ నాలుగింటిని చూడండి. అధిక శక్తి సంఘటనలు నెలకు ఎన్ని బయటికొచ్చాయి. రాసినవాళ్లలో కాంట్రాక్టు మనుషుల వాటా ఎంత, రాత్రి షిఫ్ట్ వాటా ఎంత. మనుషుల్లో 36 శాతం కాంట్రాక్టు అయి ఉండి కార్డుల్లో 5 శాతమే వాళ్లవైతే, ఉద్యోగం పోతుందనో జరిమానా వేస్తారనో భయం ఉన్నట్టే. దానికి మందు కార్డు కాదు. తెలుగు, హిందీ, ఒడియాల్లో వాయిస్ మెసేజ్ పెట్టే నంబరు ఇవ్వండి. చెప్పినందుకు కాంట్రాక్టర్ మనిషిని మార్చకూడదన్న షరతు వర్క్ ఆర్డర్‌లో పెట్టండి. మూడోది, చెప్పినవాడికి ఎన్ని రోజుల్లో జవాబు అందింది. వారం దాటితే మళ్లీ చెప్పడు. నాలుగోది, మూసిన చర్యల్లో ఎన్ని వస్తువును మార్చినవి, ఎన్ని ‘కౌన్సెలింగ్ చేశాం’, ‘టూల్ బాక్స్ టాక్ (పని ముందు చిన్న ప్రసంగం) ఇచ్చాం’ రకానివి. రెండో రకం సగం దాటితే అదే సంఘటన ఏడాదిలో తిరిగి రావడం ఖాయమని నా అనుభవం. కార్డులు పెరిగిన మొదటి ఆరు నెలల్లో మేనేజ్‌మెంట్ కంగారు పడుతుంది. ప్రమాదాలు పెరగలేదు, వినపడడం పెరిగింది అని ముందే చెప్పి ఉంచండి.

సాఫ్ట్‌వేర్ కొనాలా అని కూడా అడిగారు. 250 మందికి ఎక్సెల్ చాలు. ఒక సంఘటనకు ఒక వరస. తేదీ, గంట, షిఫ్ట్‌లో ఎన్నో గంట, చోటు, కంపెనీయా కాంట్రాక్టా, ఆ పనిలో ఎన్ని నెలల అనుభవం, ఏ శక్తి, ఏం జరిగింది, ఏం కాగలిగేది, ఆపింది అడ్డా అదృష్టమా, ఏ గడి, ఎల్‌టీఐ అవునా, రిపోర్టబుల్ అవునా, ఈఎస్‌ఐ అవునా, దినాలు, చర్య, ఎవరు, గడువు, మూసిన తేదీ. పాత వరసను దిద్దినప్పుడు తేదీతో కారణం రాయాలి, చెరపకూడదు. గాయపడిన మనిషి నెల తర్వాత ఆసుపత్రిలో పోతే ఆ వరసే మరణంగా మారాలి, ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు మళ్లీ తెలపాలి.

గేటు బోర్డు మీద 412 బదులు ఏం రాయాలన్న ప్రశ్నకు: ‘ఈ నెల బయటికొచ్చిన, ప్రాణం తీయగలిగే సంఘటనలు’, ‘వాటిలో సరిచేసినవి’ అని రెండు అంకెలు, కింద ఈ వారం సరిచేసినదాని ఫొటో ఒకటి. రోజుల లెక్క ఉన్న బోర్డు కింద, ఆ లెక్కను సున్నాకు తెచ్చే మనిషిగా మిగలాలని ఎవరికీ ఉండదు. చెయ్యి తెగినా జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు. బోర్డు మార్చే ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జిలను కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి, లేకపోతే మార్చిన బోర్డును కూడా పాతదాని లాగే చదువుతారు.